బల్లికి భయపడే నాన్న

చెల్లెలు గుమ్మంలో చెప్పులు విప్పకముందే బావ అడిగే మాట ఒకటుంది. "ఆ డబ్బా ఆపి ఉందా, తిరుగుతోందా?"

డబ్బా అంటే అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన రికార్డరు. చెల్లెలు విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చెబుతుంది, పరిశోధన చేస్తుంది. మనుషులు మాట్లాడుకునేది వినడం, విన్నది రాయడం ఆమె పని.

"ఆపే ఉంది బావా. మీరు మాట్లాడేదాంట్లో పరిశోధనకు పనికొచ్చే ముక్క ఇంతవరకూ దొరకలేదు" అనేది చెల్లెలు.

"చూశావా, పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు ఊరికే చెబుతున్న మాట చెప్పడానికి ఈవిడ డాక్టరేటు చేసింది" అనేవాడు బావ, అక్కవైపు తిరిగి.

అక్క నవ్వుకుంటూ టీ పెట్టేది. చెల్లెలంటే ఆమెకు గర్వం. తనూ చరిత్రలో డిగ్రీ చేసింది. ఆ తర్వాత ఇల్లే ఆమె ఉద్యోగమైంది. చదివే అలవాటు మాత్రం పోలేదు. చెల్లెలు ఏది రాసినా అచ్చుకు వెళ్లేముందు అక్క చేతికొచ్చేది. "ఈ వాక్యం రాసినదానివి నీకే అర్థమవుతుంది, చదివేవాళ్ల సంగతి చూడు" అని పెన్సిలుతో పక్కన ఒక గీత గీసేది అక్క. చెల్లెలు గొణుక్కుంటూ దిద్దుకునేది. ఈ కొత్త పుస్తకం ఒక్కటే అలా రాలేదు. "అచ్చువేసేవాళ్లు చాలా తొందరలో ఉన్నారక్కా, అచ్చయ్యాకే చదువుదువుగానిలే" అంది. అక్క దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఆ పుస్తకం, ఇప్పుడు ఇంట్లో లేకుండా పోయిన మనుషుల గురించి. చనిపోయినవాళ్లు, ఇల్లు వదిలి వెళ్లిపోయినవాళ్లు, మాటలు తెగిపోయినవాళ్లు. అలాంటి మనిషి గురించి ఇంట్లో మిగిలినవాళ్లు ఏం చెప్పుకుంటారు, చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఏం కలుపుతారు, ఏం తీసేస్తారు అన్నది చెల్లెలి ప్రశ్న. దానికోసం ఊళ్లో చాలామందితో మాట్లాడింది. తెలియనివాళ్లతో అంత త్వరగా ఎవరు మనసు విప్పుతారు? అందుకని తెలిసినవాళ్లను చూపించమని అక్కను అడిగింది. అక్క లాండ్రీ వదినను చూపించింది.

వాళ్ల భవనంలో కింద లాండ్రీ, మొదటి అంతస్తులో ఆ లాండ్రీ నడిపే ఆవిడ ఇల్లు, దాని మీద అక్కావాళ్లది. ఆవిడకు అక్క వదిన, అక్కకు ఆవిడ వదిన. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. ఇంట్లో ఆవిడా, కూతురూ, అంతే. కూతురు ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఇరవై దాటినా ఆ మెట్లమీద అందరికీ పాపే. పాపకు అక్క అత్తయ్య. తండ్రి పాప చిన్నప్పుడే పోయాడని భవనంలో అందరికీ తెలుసు.

లాండ్రీలో యంత్రాల రొద, ఆవిరి. అందుకని మాటలు అక్క వంటింట్లో పెట్టుకున్నారు. ఆ రోజు అక్క బీన్స్ తరుగుతూ కూర్చుంది. చెల్లెలు డబ్బా బల్లమీద పెట్టి, అది ఎలా పనిచేస్తుందో చూపించి, ముందు చెప్పవలసిన మాటలు చెప్పింది. పేరు రాయము. ఊరు రాయము. చెప్పాక వద్దనిపిస్తే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

లాండ్రీ వదిన మొదట బట్టల గురించి మాట్లాడింది. పోయినవాళ్ల కోట్లు తెచ్చి, ఉతకవద్దు, ఊరికే కవరు తొడిగి ఇవ్వమనేవాళ్ల గురించి చెప్పింది. చెల్లెలు విన్నది. చెల్లెలు వినడం చూడవలసినదే. తల ఊపదు, అయ్యో అనదు, తొందరపెట్టదు. ఎదుటి మనిషి ఆగితే తనూ ఆగుతుంది. ఆ ఆగినచోటే వదిన జారింది.

"మా ఆయన పోలేదమ్మా" అంది.

అక్క చేతిలో కత్తి ఆగింది. ఇన్నేళ్లలో ఆమెకూ తెలియని సంగతి అది.

"పాపకు రెండేళ్లప్పుడు వెళ్లిపోయాడు. ఇంకో ఊళ్లో ఇంకో సంసారం. పాప కాస్త మాటలొచ్చాక నాన్నేడి అంది. పోయాడమ్మా అన్నాను. పిల్లలు అంతటితో ఊరుకుంటారా? ఎలా ఉండేవాడు, నన్నెత్తుకునేవాడా, ఏ పాట పాడేవాడు... ఉన్న మనిషి గురించి చెబుదామంటే నాకు నోరు రాదు. అందుకని ఒక మనిషిని తయారు చేశాను."

"ఎలా తయారు చేశారు?" అంది చెల్లెలు, చాలా మెల్లగా.

"కొంచెం మా నాన్న, కొంచెం పక్కింటాయన, మిగతాది నా బుర్ర. అన్నీ మంచివే చెబితే నమ్మదు కదా. వంక లేని మనిషి ఎక్కడుంటాడు? అందుకని ఒక భయం పెట్టాను. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కేవాడని. ఓసారి కుర్చీ విరిగి కిందపడ్డాడని. పాప పొట్ట పట్టుకుని నవ్వేది. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని ప్రాణం తీసేది." వదిన కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇప్పుడు దానికీ బల్లంటే భయం. నాన్న పోలిక అంటుంది అందరితో" అంది.

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు చూసి, చదువు దీన్ని రాయి చేయలేదులే అని సంతోషపడింది అక్క.

మర్నాడు పొద్దున్నే లాండ్రీ వదిన మడతపెట్టిన దుప్పట్లు తనే పట్టుకుని పైకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న నోరు జారాను వదినా. రాత్రంతా కంటిమీద కునుకు లేదు. మీ చెల్లెల్ని ఆ ముక్క తీసెయ్యమను. బట్టల గురించి చెప్పింది ఉంచుకోమను, ఎంతైనా రాసుకోమను. పాప సంగతి వద్దు."

"పేరు ఉండదు కదా వదినా."

"పేరు కాదు. పాపకు చదువు పూర్తవ్వగానే కూర్చోబెట్టి నేనే చెప్పాలనుకుంటున్నాను. ఎన్నాళ్లనుంచో ధైర్యం కూడగట్టుకుంటున్నాను. అది నా నోట వినాలి. వేరే ఎక్కడ విన్నా నేను దానికి అమ్మను కాకుండా పోతాను."

అక్క అప్పుడే, ఆవిడ ముందే ఫోన్ చేసింది. "ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని చెప్పాను కదక్కా, తీసేస్తాలే" అంది చెల్లెలు. కొన్నాళ్లకు అక్క మళ్లీ గుర్తుచేసింది. "ఎప్పుడో తీసేశాను. కోట్ల గురించి చెప్పిన రెండు ముక్కలే ఉన్నాయి" అంది. అక్క కిందికి వెళ్లి చెప్పింది. లాండ్రీ వదిన ఇస్త్రీ ఆపి, "నువ్వు చెప్పావు, చాలు" అంది.

విశ్వవిద్యాలయంలో ఏటా నెలరోజులపాటు ఒక ప్రదర్శన పెడతారు. ఆ ఏడాది జరిగిన కొత్త పరిశోధనలు ఊళ్లోవాళ్లకు అర్థమయ్యేలా చూపిస్తారు. చరిత్ర, భాష, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, ఒక్కో శాఖకు ఒక్కో గది. చెల్లెలు అక్కనూ బావనూ రమ్మంది. అక్క లాండ్రీ వదిననూ పాపనూ కూడా పిలిచింది. లాండ్రీ వదిన ఆ ఆదివారం షాపు మూసేసింది. "నా మాటలు కూడా ఉన్నాయట" అని పాపకు రెండు మూడుసార్లు చెప్పింది. "ఏం మాటలమ్మా, కాలరు మురికి ఎలా పోతుందోనా?" అంది పాప. అక్క, బావ, వదిన, పాప కలిసి బయలుదేరారు.

గ్రంథాలయం హాలులో జనం బాగానే ఉన్నారు. ఒకచోట పాత వీధుల పేర్లు ఎప్పుడెప్పుడు మారాయో గోడంత పటం గీసి పెట్టారు. ఒకచోట బేరమాడేటప్పుడు మనుషులు మాటకూ మాటకూ మధ్య ఎంతసేపు ఆగుతారో కొలిచారు. ఇంకోచోట ఆసుపత్రి క్యూలలో ఎవరు ఎవరిని ముందుకు పోనిస్తారన్నది పరిశోధన. అది చూడడానికి క్యూ ఉంది.

"క్యూలో నిలబడి క్యూ గురించి తెలుసుకోవడం. మా మరదలి సావాసంలో ఇదొక్కటే తక్కువైంది" అన్నాడు బావ.

"పోనీ నన్ను ముందుకు పోనివ్వండి అన్నయ్యా, పరిశోధనకు పనికొస్తుంది" అంది లాండ్రీ వదిన. వెనకున్నవాళ్లు కూడా నవ్వారు.

పాత బట్టల గది దగ్గర లాండ్రీ వదిన ఆగిపోయింది. వందేళ్లనాటి కోటు ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. దాని కుట్లు చూస్తూ అక్కడున్న పరిశోధకుడితో కబుర్లలో పడింది. బావ ఆవిడకు తోడుగా ఉండిపోయాడు. అక్కా, పాపా చెల్లెలి గదికి వెళ్లారు.

చెల్లెలు తన గదిని ఇంటి ముందుగదిలా సర్దింది. కుర్చీలు, ఒక దీపం, చిన్న బల్లలు. ఒక్కో బల్లమీద పాతకాలపు ఫోను. రిసీవరు ఎత్తితే ఒక కథ వినిపిస్తుంది. మాట్లాడినవాళ్ల గొంతులు కావు, నాటకాలవాళ్లతో చదివించినవి. గోడమీద పెద్ద అక్షరాలతో పేర్లు, వివరాలు మార్చినట్టు రాసి ఉంది. చెల్లెలు తలుపు దగ్గర ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతోంది. అక్కను చూసి కళ్లతోనే నవ్వింది.

మొదటి ఫోనులో ఒకాయన పోయిన తమ్ముడి గురించి చెబుతున్నాడు. రెండో ఫోను దగ్గర పాప కూర్చుంది. అక్క మూడోది ఎత్తింది.

ఒక ఆడమనిషి గొంతు. బేకరీ నడుపుతానంది. తనకొక కొడుకంది. వేరే ఊరు, వేరే పని, వేరే బిడ్డ. అక్క కుర్చీలో వెనక్కి వాలి వింది. కొడుకు నాన్నేడి అని అడిగాడట. పోయాడని చెప్పిందట. తర్వాత, "వంక లేని మనిషి ఎక్కడుంటాడు? అందుకని ఒక భయం పెట్టాను" అంది ఆ గొంతు.

అక్క నిటారుగా కూర్చుంది. బల్లి వచ్చింది. కుర్చీ వచ్చింది. కుర్చీ విరగడం వచ్చింది. తన వంటింట్లో, తన బీన్స్ గిన్నె ముందు పలికిన మాటలు, ఒక్కటీ పోకుండా, శుభ్రమైన నాటకం గొంతులో వచ్చాయి. బయటివాళ్లు గుర్తుపట్టగలిగినవన్నీ చెల్లెలు మార్చింది. ఇంట్లో మనిషి మాత్రమే గుర్తుపట్టగలిగినది ఒక్కటే ఉంది, దాన్ని అలాగే ఉంచింది.

కథ అయిపోయింది. రిసీవరులో ఊరికే కూ అని మోత. అక్క దాన్ని చెవి దగ్గరినుంచి తీయలేదు.

"అయిందా అత్తయ్యా?" పాప పక్కనే నిలబడి ఉంది.

అక్క కాలేదన్నట్టు వేలు చూపించింది. పాప ఆగింది. పాప వెనక ఇంకో ఇద్దరు చేరారు. అక్క ఆ మోత వింటూ, ఏం చెబితే ఈ పిల్ల ఈ గదిలోంచి కదులుతుందా అని వెతుక్కుంటోంది. టీ తాగుదామనాలి. తల తిరుగుతోందనాలి. ఏదో ఒకటి అనాలి. అబద్ధం ఎప్పుడూ ఆమెకు సమయానికి అందదు.

చెల్లెలు చకచకా వచ్చింది. "మా అక్కండీ. ఈవిడకు ఏది ఇచ్చినా రెండుసార్లు చదవందే నిద్రపట్టదు" అని వెనకున్నవాళ్లతో అని, నవ్వుతూ అక్క చేతిలోంచి రిసీవరు తీసుకుంది. "నువ్వొక్కదానివే వింటే ఎలాగక్కా? నువ్వు కూర్చోమ్మా" అని దాన్ని పాప చేతికిచ్చింది.

చెల్లెలు పాపను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆమె వచ్చిన ప్రతిసారీ పాప కాలేజీలోనే ఉండేది. ఆ పిల్ల దేనికి నవ్వేదో, దేనికి భయపడేదో, తండ్రి గురించి ఏం నమ్మేదో అంతా తెలుసు. పిల్లే తెలియదు.

"పాపా, వద్దులే, అమ్మ దగ్గరికి వెళ్దాం" అంది అక్క.

"ఒక్క నిమిషం అత్తయ్యా, ఇదే అన్నిటికంటే బాగుందట." పాప అప్పటికే చెవికి పెట్టుకుంది.

కాసేపు మామూలుగా వింది. బల్లి దగ్గర కాబోలు, ఫక్కున నవ్వింది. అక్కవైపు తిరిగి, రిసీవరు చేత్తో మూసి, "అత్తయ్యా, వీళ్ల నాన్న కూడా మా నాన్నలాగే" అంది. మళ్లీ వింది. నవ్వు ముఖం మీద ఇంకా ఉంది, కానీ అందులో మనిషి లేదు. చివరిదాకా విని రిసీవరును చప్పుడు కాకుండా దాని స్థానంలో పెట్టింది. లేచి వెనకున్నవాళ్లకు చోటిచ్చింది.

లాండ్రీ వదిన అప్పుడే లోపలికొచ్చింది, వెనకే బావ. "ఎంత బాగా చెప్పాడే ఆ కుర్రాడు, ఆ కోటు గుండీలు..." అంటూ కూతుర్ని చూసి ఆగింది. "ఏమే, ముఖం అలా పెట్టావు?"

"ఏం లేదమ్మా" అంది పాప. "నాన్న బల్లిని చూసి కుర్చీ ఎక్కాడన్నావు కదా. కుర్చీయేనా? బల్లా?"

"కుర్చీయే. విరిగింది కూడానూ." ఏళ్ల తరబడి అలవాటైన జవాబు, ఆలోచించకుండా వచ్చేసింది. అన్నాక చుట్టూ చూసింది. ఫోన్లు చూసింది, గోడమీద రాత చూసింది, అక్క ముఖం చూసింది.

"తీసేశారన్నావు కదా వదినా" అంది.

గట్టిగా అనలేదు. ఆ మాట అడగడం కూడా కాదు. సరుకు తెచ్చి ఇవ్వాల్సినవాళ్లు తేలేదని తెలిశాక అనేలాంటి మాట. పాప బయటికి నడిచింది. తల్లి ఆమె వెనక పరుగులాంటి నడకతో వెళ్లింది. బావ అక్కాచెల్లెళ్లిద్దరివంకా చూసి, ఏం జరిగిందో అర్థం కాకపోయినా, ఆ తల్లీకూతుళ్లను ఇంటికి చేర్చడానికి వెళ్లాడు.

అక్క చెల్లెల్ని వరండాలోకి తీసుకెళ్లింది.

"ఎవరా అమ్మాయి?" అంది చెల్లెలు. అడుగుతుండగానే తెలిసింది. చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో. ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చావక్కా?"

"తీసేశానన్నావు కాబట్టి."

"ఊరు మార్చాను. పని మార్చాను. కొడుకని రాశాను. ఎవరూ పోల్చుకోలేకుండా ఎంత జాగ్రత్తపడ్డానో నీకు తెలియదు."

"తీసేశానన్నావా, మార్చానన్నావా?"

చెల్లెలు కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ బల్లి లేకపోతే అధ్యాయం లేదక్కా. అధ్యాయం లేకపోతే పుస్తకానికి వెన్నెముక లేదు. అందరూ పోయినవాళ్లను మంచివాళ్లని చెప్పుకుంటారు, అది అందరికీ తెలిసిందే. ఆవిడ కావాలని ఒక లోపం పెట్టింది. నమ్మడానికి లోపం కావాలి. ఎన్నేళ్లుగా నేను వెతుకుతున్న మాట అది. ఎవరూ అంత స్పష్టంగా చెప్పలేదు."

"ఆవిడ వద్దంది."

"ఆవిడ నాతో అనలేదు. నువ్వు ఫోన్లో అన్నావు. వెనక్కి తీసుకోవాలంటే ఆవిడే చెప్పాలి, దానికో పద్ధతి ఉంది."

"ఆ పద్ధతేదో నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆవిడను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టేదానివి."

"మరి తీసేశానని ఎందుకన్నావు?"

"నువ్వు ఊరుకోవు కదక్కా. చిన్నప్పటినుంచీ అంతే. సరే అనేదాకా పట్టిన పట్టు వదలవు. అందుకని సరే అన్నాను."

ఆమె గొంతులో విసుగు ఉంది, ముద్దు కూడా ఉంది. చిన్నప్పుడు జడ వేయించుకోనని పారిపోయి, దొరికాక పలికిన గొంతే అది. ఆ గొంతుకు అక్క ఎప్పుడూ కరిగిపోయేది. పుస్తకం తన చేతికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. చదివి ఉంటే బల్లి పక్కన పెన్సిలు గీత పడేది. చెల్లెలు ఆ గీతకు భయపడింది, అందుకే తొందరంది. ఇది ఆ రోజు నోటికొచ్చిన అబద్ధం కాదు. నెలల తరబడి టీ తాగుతూ, బావతో జోకులేస్తూ, జాగ్రత్తగా మోసుకొచ్చిన అబద్ధం.

అక్క బస్సెక్కి ఇంటికొచ్చింది.

మొదటి అంతస్తు తలుపు వేసి ఉంది. లోపల మాటలు వినిపించలేదు, ఏడుపూ వినిపించలేదు. అక్క తలుపు కొట్టడానికి చేయెత్తి, దించేసింది.

లాండ్రీ మర్నాడు తీశారు. అక్క రెండు రోజులు ఓర్చి, దిళ్ల గలీబులు నెపంగా పట్టుకుని కిందికి దిగింది. లాండ్రీ వదిన గలీబులు అందుకుంది, దులిపి చూసింది, చీటీ పిన్నుతో గుచ్చింది.

"వదినా, నాకు నిజంగా తెలియదు" అంది అక్క. "నన్ను కూడా నమ్మించింది."

"తెలియదులెండి" అంది లాండ్రీ వదిన. "రేపు సాయంత్రానికి అవుతాయండీ."

ఆవిడ ముఖంలో కోపం లేదు. కోపమైతే బాగుండేది, తిట్టించుకునేది. ఇన్నేళ్ల నువ్వు పోయి మీరు వచ్చింది. వదిన పోయి అండీ వచ్చింది. అక్క మెట్లెక్కి పైకొచ్చి స్టవ్వు ముందు చాలాసేపు ఊరికే నిలబడింది.

"నేను వెళ్లి మాట్లాడనా?" అన్నాడు బావ.

"ఏమని?"

బావ తల గోక్కున్నాడు. మాటకు మాట దొరకని బావను అక్క చూడడం అదే మొదలు.

పాప కొన్నాళ్లు స్నేహితురాలి గదిలో ఉంది. తర్వాత ఒక సాయంత్రం అక్క కూరగాయల సంచితో వస్తుంటే మెట్ల మలుపులో కనిపించింది. భుజానికి బ్యాగు ఉంది. గోడకు ఆనుకుని, పైకి చూస్తూ నిలబడింది. ట్యూబ్‌లైటు పక్కన ఒక బల్లి. వెనక్కి పోవడం లేదు, ముందుకూ రావడం లేదు.

మామూలుగా అయితే కేక వేసేది, అక్క చీపురు పట్టుకుని వచ్చేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

"ఉండు, తోలేస్తాను" అంది అక్క.

"వద్దు." పాప కళ్లు దానిమీదే ఉన్నాయి. "మీరు కూడా విన్నారట కదా. మీ వంటింట్లోనే."

"విన్నాను."

"నాకు తప్ప అందరికీ తెలుసు." అందులో నిష్ఠూరం కూడా పూర్తిగా లేదు, అలసట ఉంది. "అమ్మ చెప్పింది, నేనే చెబుదామనుకున్నాను అని. ఏమో. ఇప్పుడు ఏం చెప్పినా, ఇది కూడా తయారు చేసిందేనా అనిపిస్తోంది. వినాలంటే అదే గొంతు వినిపిస్తోంది, ఆ ఫోనులో గొంతు."

బల్లి కాస్త కదిలింది. పాప గోడకు ఇంకా అతుక్కుపోయింది.

"చూశారా అత్తయ్యా, భయం పోలేదు. అలాంటి మనిషే లేడని తెలిసింది కదా, పోవాలి కదా. మరి ఈ భయం ఎవరిది?"

అక్క సంచి కింద పెట్టి, పాపకూ బల్లికీ మధ్యన నిలబడింది. పాప ఆమె వెనకనుంచి, వీపుకు రాసుకుంటూ, గబగబా మెట్లెక్కి తలుపు తట్టింది. తలుపు తెరుచుకుంది. తల్లీకూతుళ్లు ఏమనుకున్నారో అక్క వినలేదు. వినకుండా ఉండడానికి సంచి తీసుకుని కిందికి నాలుగు మెట్లు దిగి, తలుపు మూసిన చప్పుడయ్యాక పైకి వెళ్లింది.

చెల్లెలు ఆ తర్వాతి వారం వచ్చింది. బిస్కట్ల డబ్బా తెచ్చింది. బావ తలుపు తీసి, "రా" అన్నాడు. రికార్డరు ఆపి ఉందా అని అడగలేదు. పేపరు పట్టుకుని పడకగదిలోకి వెళ్లిపోయాడు. చెల్లెలు ఆ మూసిన తలుపువంక చూసింది.

అక్క టీ పెట్టింది. వంటింట్లో అదే బల్ల, అవే కుర్చీలు.

"మూడో ఫోను తీసేశానక్కా" అంది చెల్లెలు. "ఈసారి నిజంగా. పుస్తకం అచ్చయిపోయింది, దాన్నేమీ చేయలేను. రెండో ముద్రణ వస్తే చూస్తాను."

అక్క కప్పు ఆమె ముందు పెట్టింది.

"నేను తప్పు చేశాను. నీకు అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది. నాకు నిద్ర పట్టడం లేదు." చెల్లెలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజమైన నీళ్లే. ఆ రోజు వచ్చినవీ నిజమైనవే. "ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది."

"కిందే ఉంది. వెళ్లి చెప్పు."

"వెళ్తాను. వెళ్లాలి." చెల్లెలు టీ చప్పరించింది. కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది. అక్కకు ఆ వేలు తెలుసు. ఏదో అడగబోయేముందు అలా తిరుగుతుంది. "ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"ఇంట్లోనే ఉంది."

"నీతో మాట్లాడిందా?"

"మాట్లాడింది."

చెల్లెలు ముందుకు వంగింది. తల ఊపలేదు, అయ్యో అనలేదు. గొంతు మెత్తబడింది. "ఏమంది అక్కా? తెలిశాక ఆ నాన్న గురించి ఏమంది? సరిగ్గా ఏ మాటలు అంది?"

ఆగింది. అక్క జవాబు కోసం, ఎంతసేపైనా ఆగగల ఓపికతో ఆగింది. ఆ ఓపిక ఎంత అందంగా ఉంటుందో, దాని ముందు మనిషి ఎలా జారిపోతాడో అక్క ఇదే వంటింట్లో కూర్చుని చూసింది. మెట్ల మలుపులో పాప అడిగిన మాట ఆమె నాలుకమీదే ఉంది. అది చెబితే చెల్లెలి కళ్లు ఎలా వెలుగుతాయో కూడా తెలుసు. పుస్తకానికి ఇంకో పుస్తకం పుడుతుంది.

"ఏమీ అనలేదు" అంది అక్క.

చెల్లెలు ఆమె ముఖంలోకి చూసింది. "నాకు అబద్ధం చెబుతున్నావు."

"ఏమీ అనలేదన్నాను కదా. టీ చల్లారిపోతోంది, తాగు."

చెల్లెలు తాగింది. ఇంకేదో మాట్లాడదామని చూసి, దొరక్క, బ్యాగు సర్దుకుని లేచింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "నా పైన ఇంకా కోపమేనా?" అంది. అక్క ఆమె బ్యాగు పట్టీ మెలిక పడి ఉంటే సరిచేసింది.

కిటికీలోంచి చూస్తే చెల్లెలు లాండ్రీ ముందు నడక తగ్గించింది. అద్దాల్లోంచి లోపలికి చూసింది. లోపల లాండ్రీ వదిన ఎవరిదో కోటుకు కవరు తొడుగుతోంది కాబోలు. చెల్లెలు బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నట్టు ఒక్క క్షణం నిలబడి, రోడ్డు దాటి బస్టాపు వైపు వెళ్లిపోయింది.

అక్క కప్పులు కడిగి బోర్లించింది. పడకగదిలోకి వెళ్లి, బావ వేసుకుని ఒక్కరోజైనా కాని చొక్కా హ్యాంగరు మీదినుంచి తీసింది.

"అది శుభ్రంగానే ఉంది" అన్నాడు బావ పేపరు దించి.

"తెలుసు."

కింద లాండ్రీలో ఆవిరి నిండి ఉంది. అక్క చొక్కా కౌంటరు మీద పెట్టింది. లాండ్రీ వదిన కాలరు తిప్పి చూసింది, చేతుల అంచులు చూసింది. అందులో మురికి లేదని చూసినవాళ్లకెవరికైనా తెలుస్తుంది. చీటీ గుచ్చింది.

"పాప తిన్నదా వదినా?" అంది అక్క.

లాండ్రీ వదిన పిన్ను నొక్కి, తలెత్తకుండా, "తిన్నదండీ" అంది.